తోడికోడలి బండల బ్లాగు

మా తోడికోడలంటే నాకు కుళ్ళు. ఇన్నేళ్ళూ దానికి రకరకాల పేర్లు పెట్టుకున్నాను. ఆమెకు అనుభవం లేదన్నాను, కాలం కలిసొచ్చిందన్నాను, బండలమ్ముకునేదానికి ఇంత గొప్పలెందుకన్నాను. ఇప్పుడు నాకు అంత ఓపిక లేదు. ఉన్నది కుళ్ళే.

ఆమె మా మరిది భార్య. వాళ్ళు కడపలో ఉంటారు, మేము కర్నూల్లో. మా అత్తామామలది నందికొట్కూరు దగ్గర ఒక పల్లె. నాలుగెకరాల మెట్ట, వీధి చివర పాత చర్చి. ఆ చర్చిలో గంట కొట్టేది మా మామే. ఆ ఇంటికి వచ్చిన చదువుకున్న మొదటి కోడలిని నేను. పల్లెలో ఎవరికి అర్జీ కావాలన్నా, శుభలేఖలో మాటలు కావాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. చర్చిలో పదిమంది ముందు నిలబడి సాక్ష్యం చెప్పడానికి నోరు తిరగనివాళ్ళకు ముందురోజే కాగితం మీద రాసిచ్చేదాన్ని. "మా కోడలు ఉండగా మనకు వకీలు ఎందుకప్పా" అని మా మామ వీధి అరుగు మీద చెప్పుకునేవాడు. ఆ మాట వినడానికి నేను తలుపు వెనకాల నిలబడిన రోజులున్నాయి.

పదేళ్ళ కిందట సరదాకు ఒక బ్లాగు పెట్టుకున్నాను. ఇంట్లో వాడే వస్తువుల గురించి తెలుగులో రాసేదాన్ని. మొదటిసారి రాసింది మా మిక్సీ గురించి. శనక్కాయల పచ్చడి, మా వైపు ఊరిబిండి అంటాం, రుబ్బుతుంటే జార్ మూత ఎగిరిపోయి, ఆ ఊరిబిండి పైకప్పుకు కొట్టుకుంది. తలెత్తి చూసిన మా ఆయన నెత్తిన ఒక ముద్ద పడింది. ఉన్నదున్నట్టు రాశాను. ఎవరెవరో చదివి నవ్వుకున్నారు. మా ఇంట్లోనూ అంతేనని రాశారు, వాళ్ళ మిక్సీల కథలు చెప్పారు. ఆ నెలంతా నేల మీద నడవలేదు నేను.

తర్వాత ఒక కుక్కర్ల కంపెనీ ఫోన్ చేసింది. కుక్కర్ మీకే, పైన డబ్బులూ ఇస్తాం, మంచిగా రాయండి అన్నారు. కుక్కర్‌తో పాటు ఒక కాగితం వచ్చింది. అందులో పది మాటలున్నాయి. "అద్భుతం", "నమ్మకం", "ప్రతి ఇంట్లో ఉండాల్సినది" లాంటివి. ఇవన్నీ తప్పకుండా రావాలట. రాశాను. ఆ తర్వాత ఇస్త్రీపెట్టె, ఆ తర్వాత ఫ్యాను, తర్వాత నీళ్ళు వడగట్టే యంత్రం. డబ్బు తీసుకుని రాసినట్టు కింద చెప్పాలని నియమం ఉంది కాబట్టి చెప్పేదాన్ని. బూడిద రంగు అక్షరాల్లో, చీమ తలంత సైజులో. కంపెనీవాళ్ళు అది కూడా ఇంకొంచెం తగ్గించమనేవాళ్ళు.

పోనుపోను పెట్టెలు విప్పడం కూడా మానేశాను. బొమ్మ చూసి రాసేదాన్ని. ఒక గ్రైండర్ గురించి అట్లాగే రాశాను, తిరుగుతుంటే పక్కన పడుకున్న చంటిపిల్ల నిద్ర కూడా చెడదని. అది చదివించుకుని మా అత్తకు అక్కయ్యే ఆమె, పత్తికొండలో ఉంటుంది, నా మీద నమ్మకంతో కొనింది. కొన్న రోజే ఫోన్ చేసింది.

"ఏమ్మే, చంటిపిల్ల నిద్ర చెడదని రాసినావంట. ఈడ సమాధుల్లో ఉండేటోళ్ళు గూడా లేచొస్తాండారు, విను!" అని ఫోన్‌ను గ్రైండర్ పక్కన పెట్టింది.

మా అత్తకు చదువు రాదు. అక్క తిట్టిన తిట్లు విన్నాక, మేము పల్లెకు పోయినప్పుడు ఆ రాసింది ఏందో చదవమని మా ఆయన్ను కూర్చోబెట్టింది. మా ఆయన మొదటినుంచీ చదివి, చివర ఆ చీమ తలల దగ్గర కళ్ళు చికిలించాడు. "కింద సన్నగా ఉండేది ఏమి?" అనడిగింది. చెప్పాడు. ఆమె "ఓహో" అనింది, అంతే. లేచిపోయి ఎద్దుకు నీళ్ళు పెట్టింది. ఆ "ఓహో" నన్ను వారం రోజులు తిననివ్వలేదు.

ఈలోగా మా తోడికోడలు కడప బయట, ఎర్రగుంట్ల పోయే దారిలో ఒక బండల ఫ్యాక్టరీలో పనికి చేరింది. గనుల నుంచి వచ్చిన నల్లబండను కోసి, నునుపు పట్టించి అమ్ముతారు. ఈమె ఆఫీసులో బిల్లులు రాసేది. ఓనరుకు ఎవరో చెప్పారంట, ఇప్పుడు ప్రతి కంపెనీ సొంతంగా బ్లాగు పెట్టుకుంటుంది, సరుకు గురించి రాసుకుంటుంది, జనం చదివి వస్తారని. ఆఫీసులో తెలుగు అక్షరాలు టైపు కొట్టడం వచ్చింది ఈమెకే. నువ్వే రాయమ్మా అన్నాడు.

ఆమె నాకు ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు శానా రాసినావు గదా. ఎట్ల రాయాల్నో చెప్పక్కా."

చెప్పాను. అప్పుడు నాకు కుళ్ళు లేదు, పెద్దరికమే ఉంది. ప్రతి వాక్యంలో ఒక మంచిమాట పడాలన్నాను. లోపం అనేది ఎత్తొద్దన్నాను. "సొంత కంపెనీ బ్లాగును ఎవరు నమ్ముతారు? అమ్ముకునేవాడు పొగుడుకోక ఏం చేస్తాడు? బయటివాళ్ళం, మేము బాగుందంటే అప్పుడు నమ్ముతారు. మీరు ఊరికే గోడకు సున్నం కొట్టినట్టు రాసుకోండి" అన్నాను. అన్నిటికీ "సరేక్కా, సరేక్కా" అనింది. ఫోన్ పెట్టేసి, నేను చెప్పిందంతా తలకిందులుగా చేసింది.

ఆమె రాసిన మొదటి వ్యాసం, మా బండ వంటగట్టుకు వేసుకోవాలనుకునేవాళ్ళు ఒకసారి ఆగండి, అని మొదలైంది. నిమ్మకాయ రసం, చింతపండు పులుసు పడితే ఈ బండ మీది నునుపు పోతుంది, తెల్ల మరక పడుతుంది, ఆ మరక పోదు అని రాసింది. ఊరికే రాయలేదు. ఫ్యాక్టరీలో పగిలిన ముక్క మీద నిమ్మకాయ కోసి, చింతపండు పిసికి, ఒక రోజు వదిలేసి, ఫోటోలు తీసి పెట్టింది. మరి ఎక్కడ వేసుకోవచ్చు? వరండాకు, మెట్లకు, మిద్దెపైకి వేసుకోండి, మీ మనవళ్ళు కూడా వాడుకుంటారు, అనింది. నేను చదివి పగలబడి నవ్వాను. సాయంత్రానికి ఈమె ఉద్యోగం ఊడుతుందని మా ఆయనకు చెప్పాను.

ఓనరు అరిచాడు, అరవక ఊరుకుంటాడా. "నీకు జీతం నేనిస్తాండానా, టైల్స్ వాళ్ళిస్తాండారా?" అన్నాడంట. ఆమె ఏడుస్తూ నాకు చెప్పింది. నేను ఓదార్చాను. అనుభవం మీద అన్నీ తెలుస్తాయిలే అన్నాను. ఆ రోజు మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. చెప్పడానికి సిగ్గేమీ లేదు, తిన్నాను.

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. అనంతపురం నుంచి, బళ్ళారి నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో. "ఆ నిమ్మకాయ మరక రాసిన మేడం ఉందా? ఆ మేడంకే ఇవ్వండి" అని అడిగేవాళ్ళంట. ఇల్లు కట్టుకునేవాళ్ళు తమ ఇంటి ప్లాను ఫోటో తీసి ఆమెకు పంపి, ఎక్కడ ఏ బండ వేయాలో చెప్పమనేవాళ్ళు. ఓనరు గమ్మునైపోయాడు. ఆమెకు వేరే టేబులు వేయించాడు, తలమీద ఫ్యాను పెట్టించాడు. ఫ్యాక్టరీలో రాళ్ళు కోసేవాళ్ళు కూడా "బండల మేడం" అని పిలవసాగారు.

నా బ్లాగుకు వచ్చే స్పందనలు ఏమిటనుకున్నారు? "సూపర్", "నైస్", ఇంకా అప్పులిస్తాం రండి అనేవాళ్ళు. మిక్సీ నాటి వాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. ఇద్దరమూ ఏదో ఒకటి అమ్మడానికే రాస్తున్నాం కదా, మరి ఆమెను ఎందుకు నమ్ముతారు, నన్నెందుకు నమ్మరు అని తల పగలగొట్టుకున్నాను. బండల కంపెనీ రాస్తే అది బండల కంపెనీ నోరేనని చదివేవాళ్ళకు ముందే తెలుసు. నా దగ్గర మాట్లాడేది కుక్కర్ల కంపెనీనో, మా వంటింటి ఆడమనిషో తేల్చుకోలేక విసిగిపోయి వెళ్ళిపోయారు. ఈ సంగతి అర్థమైంది. అర్థమైతే కుళ్ళు తగ్గుతుందని ఎవరు చెప్పారో గానీ, నాకైతే పెరిగింది.

ఒక ఎండాకాలం ఒక టైల్స్ కంపెనీవాళ్ళు వచ్చారు. టైల్స్ మేలా, నల్లబండ మేలా అని పోల్చి రాయాలట. ఎన్నో ఏళ్ళ తర్వాత మనసు పెట్టి రాసింది ఆ ఒక్కటే. వాళ్ళిచ్చిన దుడ్లకంటే నా కడుపుమంటే ఎక్కువ పని చేసింది. నల్లబండ పాతకాలపుదన్నాను, పొరలు లేస్తుందన్నాను, ఒక బండ మందం ఇంకో బండకు ఉండదన్నాను, అది పశువుల కొట్టాలకు సరిపోతుంది గానీ ఇళ్ళకు కాదన్నాను. ఎండలకు టైల్స్ ఎంత చల్లగా ఉంటాయో ఒక పేరా రాశాను. కర్నూలు ఎండ మీకు తెలియంది కాదు. ఆ పేరా రాస్తున్నప్పుడు నేను మా వంటింట్లో, చాప కూడా లేకుండా, నల్లబండ మీద బోర్లా పడుకుని ఉన్నాను. ఇల్లంతటికీ చల్లటి చోటు అదొక్కటే.

వారానికి ఆమె తన బ్లాగులో జవాబు రాసింది. వెంటనే తెరిచాను. "మా అక్క ఒక వ్యాసం రాసింది, చదవండి" అని నా దానికి దారి చూపించి, అక్క చెప్పిన రెండు మాటలు నిజమని రాసింది. మందం తేడా ఉంటుంది, నాసిరకం బండ పొరలు లేస్తుంది. కాబట్టి కొనే ముందు వేలి కణుపుతో తట్టి చూడండి, ఖంగుమంటే తీసుకోండి, మొద్దుగా పలికితే వదిలేయండి అని చెప్పింది. మిగతా నా రాతల గురించి ఒక్క ముక్క లేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్ళం, పీడ వదిలేది. పైగా ఆ ఒక్కరోజు నా బ్లాగు చదివినంతమంది అంతకుముందు నెలలో చదవలేదు. అందరూ ఆమె పంపినవాళ్ళే. నా పాఠకులు కూడా ఆమె పెట్టిన భిక్షే అని తెలిసి పళ్ళు నూరుకున్నాను.

ఆ ఏడాది వానలకు ముందే మా మామ పోయాడు. పొద్దున చేనికి పోయివచ్చి, మంచం మీద ఒరిగి, మళ్ళీ లేవలేదు. మరుసటి ఈస్టరు నాటికి సమాధి మీద బండ వేయాలనుకున్నారు. మా చర్చివాళ్ళకు అది ఆనవాయితీ. ఈస్టరు పొద్దున సమాధులన్నీ కడిగి, పూలు పెట్టి, అందరూ అక్కడ చేరతారు. బండ కడప నుంచి వస్తుందని ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఓనరే ఇస్తానన్నాడంట. ఇక మిగిలింది దాని మీద చెక్కే మాటలు. అవి నేనే రాయాలని కూడా ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను. బండ ఆమెది, మాట నాది. ఆ ఇంట్లో నాకు మిగిలిన పీట అదొక్కటే. అది కూడా పోతే నేను అక్కడ వంటమనిషిని.

మూడు రోజులు కూర్చుని రాశాను. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పల్లెలో, ఇంటి పంచలో అందరినీ కూర్చోబెట్టి చదివాను. "శాంతమూర్తి, ప్రేమస్వరూపి, మృదుభాషి, అందరికీ ఆదర్శప్రాయుడు, సాటిలేని మహనీయుడు."

మా ఆయన చెవి గోక్కున్నాడు. మా మరిది కాసేపు చూసి, "ఎవర్ని గురించి వదినా ఇది?" అన్నాడు. ఎగతాళి చేయలేదు వాడు, నిజంగానే అడిగాడు.

మా మామ ఎట్లాంటి మనిషో నాలుగు ఊర్లకు తెలుసు. ఆరాధన మొదలయ్యే మూడో గంట కొట్టాక చర్చి గడప తొక్కినవాళ్ళను వాకిట్లోనే నిలబెట్టి తిట్టేవాడు. పక్క ఊరి నుంచి ఆలస్యంగా వచ్చిన పాస్టరును కూడా వదల్లేదు.

మా అత్త పమిట కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మీ మామకు శాంతం యాడిది తల్లీ? కింద సన్నగా గూడా ఏమన్నా రాసినావా?" అనింది. నేను కాగితం మడిచాను. "నువ్వు అన్నిటికీ బాగుండాదనే రాస్తావు. కోపం చేసుకోవద్దు. చిన్నదాన్ని రాయనీ" అనింది.

నేను పెరట్లోకి పోయి అంట్లన్నీ తోమాను. తోమిన గిన్నెలు కూడా మళ్ళీ తోమాను. ఏడ్చాను కూడా. మామ కోసమని ఎవరైనా అనుకుని ఉంటారు. ఆయన కోసం కాదు, ఆ పీట కోసం.

కర్నూలు వచ్చాక పట్టుదలగా మళ్ళీ రాయబోయాను. ఆమె రాసేలోపు నేను ఇంకొకటి, మంచిది, నిజమైంది రాసి పంపాలని. ఎంత రాసినా ఆ కంపెనీ కాగితంలోని పది మాటలే వచ్చాయి. ఒక మనిషి గురించి రాయబోతే అది కుక్కర్ అయ్యేది. చివరికి కాగితాలు చింపి పొయ్యి కింద వేశాను.

అప్పుడే ఆమె ఫోన్ చేసింది. "అక్కా, నేనొచ్చి ఆరేండ్లే. మామను పదైదేండ్లు చూసింది నువ్వు. నాకేమీ తోచడంల్యా. ఏమన్నా చెప్పక్కా."

మండింది నాకు. నా పీట మీద కూర్చుని, నన్నే మెత్త అడుగుతోంది. "ఏముండాది చెప్పేకి? తిట్టేటోడు, అంతే. నా పెండ్లైన కొత్తల్లో మూడో గంట తర్వాత పోయినానని నడి వాకిట్ల నిలబెట్టి తిట్టినాడు. సాయంత్రం వంటింటి తలుపు కాడికొచ్చి మజ్జిగుండాదా అనడిగినాడు. పోస్తే తాగి చెంబు ఆడనే పెట్టిపోయినాడు. ఎవర్ని తిట్టినా అంతే, మాపటికి వాళ్ళింటికి పోయి మజ్జిగ అడుగుతాడు. తప్పైంది అనే మాట మాత్రం ఆ నోటికి రాదు. ఇది రాస్తావా సమాధి మీద?" అన్నాను.

"చాలక్కా" అనింది ఆమె.

ఈస్టరు పొద్దున సమాధుల దగ్గర ఊరంతా చేరింది. బండ మీద కొత్త తువ్వాలు కప్పి ఉంచారు. మా మరిది తువ్వాలు తీసి, పైకి చదివాడు. పేరూ తేదీల కింద మూడే వాక్యాలున్నాయి.

"గంట కొట్టినాడు. ఆలస్యంగా వచ్చినవాళ్ళను తిట్టినాడు. తిట్టినవాళ్ళ ఇంటికి సాయంత్రమే పోయి మజ్జిగ అడిగి తాగినాడు."

ముందు ఎవరో నవ్వారు. వెనక నుంచి ఒక ముసలాయన "నా ఇంట్లో ఎన్ని చెంబులు తాగినాడప్పా!" అన్నాడు. "మా ఇంట్లోనో?" అని ఇంకొకామె. పాస్టరు కూడా "నా దగ్గరా తాగినాడు" అన్నాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆ ముసలాయన భుజం మీది గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఎవరూ ఆపుకోలేదు. మా అత్త వంగి, చదువురాని చేత్తో ఆ అక్షరాలన్నీ తడిమింది.

"అక్క చెప్పిందే. నేను చెక్కించినానంతే" అని మా తోడికోడలు అందరికీ వినబడేట్టు చెప్పింది. అందరూ నా వైపు తిరిగారు. ఎవరో నా చెయ్యి పట్టుకుని వందనాలన్నారు. సంతోషపడాల్సింది కదా? మళ్ళీ కుళ్ళే. పదిహేనేళ్ళు నా నోట్లోనే ఉన్న మాట అది. పనికిరాదని నేను ఉమ్మేస్తే, ఆమె ఏరుకుని బండ మీద పెట్టింది. అదే రాయాల్సిన మాటని నాకు తెలియనే లేదు. ఇంతా చేసి పేరు కూడా నాకే ఇస్తుంది, మహాతల్లి.

జనం ఒక్కొక్కరే ఇళ్ళకు మళ్ళారు. మా అత్త మాత్రం సమాధి పక్కన నేల మీద కూర్చుండిపోయింది. నన్ను చేత్తో పిలిచింది. పోయి పక్కన కూర్చున్నాను.

"నా బండ మీద మటుకు నువ్వే రాయాల" అనింది.

ఇంత జరిగాక కూడా నన్నే అడిగింది. ఆ సంతోషంలో ఇంకో మంచి మాట రాబట్టుకోవాలనే ఆశ పుట్టింది. "చిన్నది బాగా రాసింది గదత్తా, నేనెందుకు?" అన్నాను.

"బాగానే రాసింది. అందుకే భయమైతాండాది" అనింది. "నిన్ను కొత్తల్లో నేనెంత ఏడిపించినానో, మీ మామ కాడ ఎన్ని దాచిపెట్టినానో, అదంతా తవ్వి చెక్కిస్తే ఎట్ల? నాకు నీ రాతే కావాల. శాంతము, ప్రేమ, ఇంగా ఏవేవో చదివినావు జూడు, అవన్నీ రాయి."

నడుముకు దోపుకున్న చిన్న సంచి బయటికి తీసింది. దారం విప్పి, నాలుగు మడతలు పెట్టిన నోటు ఒకటి తీసింది. "ఎంత తీసుకుంటావు?" అనడిగింది. ఆమె ముఖంలో ఎక్కడా ఎగతాళి లేదు. బేరం తెలియక అడిగే మనిషిలాగా అడిగింది.

"దుడ్లెందుకత్తా? నీకు ఊరికే రాస్తాలే" అన్నాను.

ఆమె కంగారుగా నా చెయ్యి లాక్కుని, నోటు అరచేతిలో పెట్టి, నా వేళ్ళు తనే మూసింది.

"వద్దు తల్లీ, ఊరికే రాస్తే నువ్వు గూడా నిజమే రాస్తావు. తీసుకో."

తీసుకున్నాను.